పట్టీ మెచ్చిన గుండె

పలాస జీడిపప్పు షెడ్డుల్లో ఇప్పుడు మేస్త్రీలు లేరు. ప్రతి ఆడకూలీ మణికట్టుకీ గుండె వేగాన్ని కొలిచే పట్టీ ఒకటి ఉంటుంది. గుండె వేగంగా కొట్టుకుంటే కష్టపడుతున్నట్టు, నెమ్మదిస్తే బద్ధకిస్తున్నట్టు లెక్క.

ఈసారీ ఉత్తమ కార్మికురాలు నా పెళ్లాం దాలమ్మే. తిన్నది ఒంటబట్టక చిక్కి సగమైంది. థైరాయిడ్ ఎక్కువై గుండెను పరిగెత్తిస్తోందని, వదిలేస్తే లయ తప్పుతుందని డాక్టరమ్మ మాత్రలిచ్చింది. వేసుకుంటే గుండె నెమ్మదించింది. పని మందగించిందని పట్టీ హెచ్చరించింది. దాలమ్మ మాత్రలు మానేసింది.

"వేసుకోవే," అని బతిమాలాను.

"పని పోతే ఏటి తిని బతుకుతాం మావా?" అంది.

సన్మాన సభలో దాలమ్మకు దండ వేశారు. తను కుర్చీలో కదలకుండా కూర్చుంది. ఆమె ఎదమీద బంతిపూలు మాత్రం అదురుతూనే ఉన్నాయి. నేనూ అందరితోపాటు చప్పట్లు కొట్టాను.