తిరుమల్ మార్కులు

దోహా క్లినిక్‌లో నర్సు సర్వే కాగితం తీసింది. ఫిట్స్ వల్ల తనకెంత కష్టమో రోగే సున్నా నుంచి పది దాకా మార్కులు వేసుకోవాలి.

"మీ పేరండీ?"

"తిరుమల్."

"డ్యూటీలో ఇబ్బంది?"

"సున్నా. పదో అంతస్తుల స్కాఫోల్డింగ్ మీద ఉరుకుత."

"భయం?"

"సున్నా."

"సిగ్గు?"

"అది పుట్టినప్పటి సంది లేదు."

నర్సు నవ్వేసింది. "అన్నీ సున్నాలే! ఈ కాగితం మీ కంపెనీకి పంపం గానీ, పంపితే ప్రమోషన్ ఇచ్చేవాళ్ళండీ."

అతను కుర్చీ ముందుకు లాక్కున్నాడు.

"కంపెనీకి పోదా?"

"పోదండీ."

"అట్లయితే కొత్త కాగితం తియ్యుండ్రి మేడమ్. తిరుమల్ మా రూమోడు. వానికి ఫిట్స్ లేవు. నా పేరు జలంధర్. ముందుగాల భయం గురించి అడుగుండ్రి."