ఎడమవైపు మైకు

“నేను గవర్నర్ని. నన్నెందుకు దించాలో చెప్పండి చూద్దాం,” అంది భార్య, కుర్చీలో కాలు మీద కాలేసుకుని.

“నవ్వొస్తోంది నాకు,” అన్నాడాయన. నిజానికి అది నవ్వే ముఖం కాదు. హాలు వెనకనున్న ఆ ఇరుకు గదిలో, విరిగిన కుర్చీల గుట్టకీ కిటికీకీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

“నవ్వు తర్వాత. ముందు వాదించండి.”

ఇది వాళ్ళ పాత అలవాటు. ఆయన వకీలుగా ఉన్న రోజుల్లో ప్రతి కేసూ కోర్టు కంటే ముందు వాళ్ళ వంటింట్లో నడిచేది. ఎవరు ఏ పక్షమో ఆమె తేల్చేది, ఆయన కిక్కురుమనకుండా ఒప్పుకునేవాడు.

ఆ రాష్ట్రంలో గవర్నర్‌ని జనమే ఎన్నుకుంటారు. నమ్మకం పోతే గడువు తీరకముందే మళ్ళీ ఓట్లేసి దించనూ వచ్చు. ఆ ఓటింగు దగ్గరపడింది. తలుపవతల ఊరంతా చేరి వాదించుకుంటోంది. దించాలనేవాళ్ళకి ఎడమవైపు మైకు, వద్దనేవాళ్ళకి కుడివైపు మైకు. ఎంతటివాళ్ళయినా ముందు తమ పనేమిటో చెప్పి, ఆ తర్వాతే మాటెత్తాలని అక్కడి కట్టుబాటు.

“నేను బస్సు డ్రైవర్ని...” అని ఒక గొంతు తలుపు సందులోంచి వినిపించింది. దాని వెనకే “దిగిపోవాలి! దిగిపోవాలి!” అని కేకలు.

ఆయన ఉలిక్కిపడి, గొంతు సవరించుకున్నాడు.

“అయితే వినండి, గవర్నర్ గారూ. కొత్త నీళ్ళ ప్లాంటు తెరిచిన రోజు మీరు వేదిక మీద గ్లాసెత్తి గటగటా తాగారు. అది చూసి ఊరు ఊరంతా కుళాయి తిప్పింది. ఇప్పుడు ఏ ఇంట చూసినా కామెర్లే.”

“పైపుల్లో లోపం. ఇంజనీర్ని సస్పెండ్ చేశాను కదా!”

“పరీక్షలు కాలేదు, ఇప్పుడే తెరవొద్దని మొత్తుకున్నది ఆ ఇంజనీరే. మీకేమో ఫొటోల తొందర.”

“బాగుంది! నేనూ అవే నీళ్ళు తాగాను. మరి నాకు రాలేదేం కామెర్లు?”

“ఎందుకొస్తాయి? మీ గ్లాసులోవి సీసా నీళ్ళు.”

ఆమె గభాలున కాలు దించింది. “సీసా నీళ్ళా? మీకది తెలుసా?” ఇది గవర్నర్ అడిగిన ప్రశ్న కాదు, భార్య అడిగింది.

“తెలుసు. పోసింది మీ తమ్ముడే.”

అంతలో హాలు ఊడ్చే ఆవిడ కూజాతో లోపలికొచ్చింది.

“కాచినవేనమ్మా, భయం లేదు. పిల్ల ఆసుపత్రిలో పడ్డాక మేమూ కుళాయి మానేశాం.”

“ఎలా ఉందిప్పుడు?” అంది భార్య.

“ఎలా ఉంటుంది? కళ్ళింకా పచ్చగానే ఉన్నాయి. తిన్నది తిన్నట్టే కక్కేస్తోంది.” ఆవిడ కూజా బల్ల మీద పెట్టి, ఆయన వైపు చూడకుండానే వెళ్ళిపోయింది.

ఆయన గ్లాసు నింపుకున్నాడు. పెదాల దాకా ఎత్తి, మళ్ళీ కింద పెట్టేశాడు. సిగ్గేసింది ఆయనకి. ఆ గ్లాసు మోయలేనంత బరువుగా తోచింది.

“కానివ్వండి,” అంది భార్య నెమ్మదిగా. ఆమె గొంతులో ఇందాకటి ఠీవి లేదు. “ఎలాగూ ఎన్నికలొస్తాయి. అప్పుడు ఓడించండి. ఈలోగా ఈ రభస ఎందుకు?”

“వంటవాడు చెడిపోయిన కూర వడ్డించాడని తెలిశాక కూడా, వాడి నెల తిరిగేదాకా ఆ వంటే తింటామా?”

“గిట్టనివాళ్ళంతా పొద్దున లేస్తే ఇదే పని పెట్టుకుంటారు. ఇక పాలించేదెప్పుడు?”

“గిట్టకపోవడం వేరు. పొరపాటు వేరు. పొరపాటైతే జనమే క్షమిస్తారు. ఇది తెలిసి చేసింది.”

“నన్ను దించేస్తే నీళ్ళు శుభ్రపడతాయా?”

“పడవు. కానీ ఆ కుర్చీలోకి వచ్చే ఇంకొకడు గ్లాసెత్తేముందు కాస్త భయపడతాడు. ఆ భయం లేకే ఇంతా జరిగింది.”

ఆమె లేచి ఆయన కాలరు సరిచేసింది.

“ఓడిపోయాను. ఈ మాటే అక్కడా చెప్తారా?”

ఆయన బదులిచ్చేలోపే ఆమె తమ్ముడు తలుపు తోసుకుని వచ్చాడు. “బావా, ఇక మీ వంతే. హాలు కిటకిటలాడుతోంది. ఆ జనమంతా మీ కోసమే! కానీ మీకు దండం పెడతాను, గ్లాసు ఊసు మాత్రం ఎత్తకండి. ముందు మునిగేది మన కొంపే.”

ఆయన భార్య వైపు చూశాడు. “వాడన్నది నిజమే. చెప్తే మనం రోడ్డున పడతాం.”

“పడితే పడదాం. మొదటి మాట మాత్రం తడబడకండి. అది తడబడితే మిగతాది ఎవరూ వినరు.”

ఆయన హాల్లోకి అడుగుపెట్టాడు. కేకలు మిన్నంటాయి. ఒక్క క్షణం తటపటాయించి, ఎడమవైపు మైకు దగ్గరికి నడిచాడు. వెనక నుంచి బావమరిది కోటు పట్టుకోబోయాడు కానీ అందలేదు. కేకలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి.

“ముందు మీ పనేమిటో చెప్పండి,” అన్నాడు సభ నడిపే పెద్దమనిషి అలవాటు కొద్దీ. అనేసి నాలుక్కరుచుకున్నాడు.

“నేను గవర్నర్ని,” అన్నాడాయన.