రెండో పంపు

"అక్కడొక్కటే బిగిస్తే చాలదండీ," అంది భార్య, షెడ్డు ముందు తడి దుప్పటి ఆరేస్తూ.

నీళ్ల మీద నిలబడి నడిపే జెట్ స్కీ బండి పొట్టలో భర్త తలదూర్చి, లోపల చేరే నీళ్లు తోడిపోసే పంపును ఇంజను కింద బిగిస్తున్నాడు. "నీళ్లు చేరేది ఇక్కడే. నీకేం తెలుసు?"

"ఆగి ఉన్నప్పుడు అక్కడే. పరుగందుకుంటే మూతి పైకి లేచి, నీళ్లన్నీ వెనక్కి పోతాయి. రెండోది వెనక పెట్టండి."

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. కొని మూడు నెలలైనా ఆ బండి అతనితో ఒక్కసారీ పరుగందుకోలేదు. లేచి నిలబడేలోపే బోర్లా పడటమే సరిపోయింది.

"నీతో ఎన్నిసార్లు పరుగందుకుంది?"

ఆమె దుప్పటి చాటుకి జరిగింది. "మీరు డ్యూటీకెళ్లగానే రోజూ సరస్సు చుట్టొస్తున్నా. చిన్నబుచ్చుకుంటారని చెప్పలేదు."

అతనికి ఉక్రోషం రాబోయి, నవ్వొచ్చింది. రెండో పంపు తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"వెనక ఎక్కడో నువ్వే బిగించు. రేపు సెలవు పెడతా. ఆ నిలబడటమేదో నాకూ నేర్పు."

"నేర్పుతా గానీ, పడ్డప్పుడల్లా అలల్ని తిట్టకూడదు."