వల రెండో కొస

అన్యాయం ఎవరికి జరిగింది? దాలమ్మకు.

ఏమిటా అన్యాయం? ఆమె ఇల్లు ఎవరూ లాక్కోలేదు. ఆమె కంచంలోని అన్నమూ ఎవరూ తీయలేదు. ఆమె పక్కన కూర్చునే ఒకే ఒక్క మనిషిని లేవగొట్టారు.

అది 2016. మొగుడు సముద్రంలో పోయిన నాటి నుంచి ముప్పై అయిదేళ్ళు కళింగపట్నంలో చేపల తట్ట మోసిన దాలమ్మ, ఒకనాడు తట్ట బోర్లించి, గోడవైపు తిరిగి కూర్చుంది. మాట మానేసింది. రెండు మెతుకులు తప్ప, పెట్టిన అన్నం పెట్టినట్టే ఉండేది.

"ఇది మనసుకు వచ్చిన జబ్బు. శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళు," అని నర్సు అరుణశ్రీ చెప్పింది.

కొడుకు నాగబాబు నవ్వాడు.

"మనసుకి జొరం వస్తాదేటి సిస్టరమ్మా? ముసిల్దానికి బద్దకం. తట్ట ఎత్తితే అదే పోతాది."

అయిదు నెలలు గడిచాయి.

ఒక శుక్రవారం పాతపట్నం నుంచి ఒక ముసలివాడు బస్సు దిగి వచ్చాడు. పేరు గంగులు. చంకలో చిరిగిన వల. చేతిలో, వల కళ్ళు కొలుచుకునే చిన్న చెక్క. దానికి గుడ్డ చుట్టి ఉంది.

ఎవరినీ అడగకుండా దాలమ్మ పక్కన చతికిలబడి, అక్కను పిలిచినట్టు పిలిచాడు.

"ఈ కొస పట్టుకో అప్పా. వల బిగువుగా నేకపోతే ముడి పడదు."

ఆమె పట్టుకోలేదు. కొసను ఆమె ఒడిలో ఉంచి తన పని తాను చేసుకున్నాడు. సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయాడు.

మూడో శుక్రవారం ఆమె కొస పట్టుకుంది.

అయిదో శుక్రవారం, "ఆ ముడి వదులైపోనాది," అంది.

"అయితే నువ్వే ఎయ్యి," అని గంగులు చెక్కను ఆమె చేతికిచ్చాడు.

ఆ పూట ఆమె అన్నం తింది.

"వల పూర్తయినాక నీకో మాట సెప్పాల అప్పా."

"ఇప్పుడే సెప్పు."

"ఇప్పుడు నోరు రాదు."

పడవల దగ్గర నాగబాబును చూసి తోటి జాలరి దేవేంద్ర కేకేశాడు. "ఒరే బావా! మీయమ్మ వల్లో ముసలి సేప పడ్డాదంట గదరా!"

అందరూ నవ్వారు. నాగబాబు ఇంటికి వచ్చి వలను వీధిలోకి విసిరాడు.

"మాయమ్మకి నువ్వేటవుతావు?"

"ఏటీ అవను బాబూ. ఆవిడికి బాకీ ఉన్నాను."

"ఉంటే పడేసి పో! మల్లీ ఈ గుమ్మం తొక్కితే కాళ్ళిరిసేస్తాను."

వల ఇంకా మూరెడు అల్లాల్సి ఉంది. గంగులు ఏదో చెప్పబోయాడు. నాగబాబు రెక్క పట్టి ఈడ్చాడు.

దాలమ్మ మళ్ళీ గోడవైపు తిరిగింది.

"ఆయన్ని పిలిపించు నాగబాబూ. ఆయన వచ్చిన రోజునే సరిగ్గా తినేది," అని అరుణశ్రీ బతిమాలింది.

"ఊరు నవ్వతాది."

ఊరు నవ్వలేదు. నెల తిరగకుండానే దాలమ్మ శవాన్ని చూడటానికి వచ్చింది.

గంగులూ వచ్చాడు. చంకలోని వల పూర్తయింది. అందరూ చూస్తుండగా చెక్కకు చుట్టిన గుడ్డను మెల్లగా విప్పాడు.

చెక్క మీద, ఎర్రగా కాలిన ఇనుముతో ఎన్నడో వేసిన గుర్తు: మూడు గీతలు, మధ్యన ఒక చుక్క.

నాగబాబు చెక్క మీదికి వంగాడు. తన పడవ మీదా అదే గుర్తు. తాను ఉయ్యాలలో ఉన్నప్పుడు తుఫానులో పోయిన తండ్రి సోములు తెప్ప మీదా అదే. ఆ తెప్ప మీద సోములూ, ముందురోజే కూలికి కుదిరిన పై ఊరి మనిషీ వెళ్ళారు. ఇద్దరూ పోయారని ఊరు ఏడ్చింది.

"ఇది మా అయ్య తెప్పది. నీకెక్కడిది?"

"తెప్ప ఇడిపోనాది బాబూ. సేతికి ఒక్క దుంగే దొరికినాది. అది ఇద్దర్ని మొయ్యనేదు." గంగులు దాలమ్మ వైపు చూశాడు. "'దాలమ్మ ఒక్కర్తీ అయిపోతాది, ఎల్లి దాని పక్కన కూకో' అన్నాడు మీ అయ్య. ఆవిడి మొకం సూడ్డానికి ఇన్నేళ్ళూ నాకు ధైర్యం సాల్లేదు."

నాగబాబు పక్కకు తప్పుకుని దారి ఇచ్చాడు.

"ఎల్లు మావా."

ఆనాడు సోములు తన చేతులు వదిలి అప్పగించిన దుంగతో ఒడ్డు చేరిన ఆ కూలి మనిషి, దానిలోంచి కోసి దాచుకున్న ముక్కను దాలమ్మ చల్లని అరచేతిలో పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటిగా మూసి, ఆమె పక్కన కూర్చున్నాడు.