కెమెరా కింద కుర్చీ

పిల్లల్ని పాడుచేసింది ఫోను. అందులో లెక్కల మాస్టారికి సందేహం లేదు, వాదించే ఓపికా లేదు. భార్య పోయినప్పుడు రావలసిన చుట్టాలు చేతులు జోడించిన బొమ్మలు ఫోనులో పంపి ఊరుకున్నారు. ఆ రోజే ఆయన తీర్పు రాసేశాడు. బడి గేటు దగ్గరే పిల్లల ఫోన్లు లాక్కునే నియమం ఆయన పెట్టిందే. పదో తరగతి చదివే కూతురికి ఫోను కొనే ప్రశ్నే లేదు.

అలాంటి మనిషి ఇప్పుడు స్టాఫ్ రూములో ఓ మూల నక్కి, తన ఫోనులోకి కళ్ళు పొడుచుకుని చూస్తున్నాడు.

“ఏంటి మాస్టారూ, మీరు కూడా మాలో కలిసిపోయారా?” అంది కంప్యూటర్ టీచరు. ఆయన ముందు వేళాకోళమాడే ధైర్యం ఆ బడి మొత్తానికి ఆ అమ్మాయి ఒక్కదానికే ఉంది.

“ఇది ఫోను కాదమ్మా. కాపలా.”

కూతురు చదివే బడి వేరు. దాన్ని పెందరాళే వదిలేస్తారు. మాస్టారు ప్రత్యేక తరగతులు ముగించుకుని వచ్చేదాకా పిల్ల ఇంట్లో ఒక్కతే. అందుకని ముందుగదిలో బీరువా మీద కెమెరా పెట్టించాడు. బిగించడానికి వచ్చినతను ఇది నొక్కితే అది, అది నొక్కితే ఇది అంటూ మొదలుపెట్టగానే, మనిషి కనబడితే చాలు, పురాణం వద్దని బయటికి నడిచాడు. మిగతా పురాణమంతా స్టూలు పట్టుకుని నిలబడ్డ కూతురు విన్నది.

మనిషి కనబడితే బాగానే ఉండేది. ఇల్లు చేరగానే పిల్ల బల్ల దగ్గరి కుర్చీని ఈడ్చుకొచ్చి సరిగ్గా కెమెరా కింద వేసుకుంటోంది. అక్కడ కూర్చుంటే పాపిట, చెవుల పక్క జుట్టు, కదిలే దవడ తప్ప ఇంకేమీ కనబడదు. ఆ దవడ మాత్రం ఆగదు. ఒక్కోసారి నవ్వుతున్నట్టు భుజాలు ఊగుతాయి. ఒకసారి చెయ్యి పైకొచ్చి కళ్ళు తుడుచుకుంది.

ఒళ్ళో ఫోను ఉంది. ఎవడో కొనిచ్చాడు. వాడితోనే ఆ నవ్వులూ, ఆ ఏడుపూ. పాఠం మధ్యలో ఆ ఊహ వస్తే మాస్టారికి బోర్డు మీద తను రాసిన అంకెలే అలుక్కుపోయేవి. సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయేవాడు. వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యేవి.

పిల్ల స్నానానికి వెళ్ళినప్పుడు పుస్తకాల సంచీ దులిపాడు. దిండు గలీబు విప్పాడు. వంటింట్లో డబ్బాల వెనకా, పాత బట్టల మూటలోనూ చెయ్యి పెట్టి చూశాడు. ఏమీ దొరకలేదు. దొరికి ఉంటే ఆ రాత్రి నిద్రన్నా పట్టేది. ఇంత పకడ్బందీగా దాచిందంటే వ్యవహారం చాలా దూరం పోయిందన్నమాట.

అక్కకి ఫోను చేసి చెప్పాడు. తల్లి లేని పిల్లరా, కూర్చోబెట్టుకుని నోరారా మాట్లాడమంది అక్క. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. ఆ ఇంట్లో మాటలన్నీ భార్యవే. ఆవిడ పోయాక తండ్రీ కూతుళ్ళ మధ్య మిగిలినవి తిన్నావా, తలుపు వేశావా అన్నవే.

“నాకు మాట్లాడ్డం రాదు. పట్టుకోవడం వచ్చు,” అని పెట్టేశాడు.

మర్నాడు భోజనాల దగ్గర అడిగాడు. ఆయన అడగడమంటే సంజాయిషీ అడగడమే.

“రోజూ ఎవరితోనే ఆ మాటలు?”

పిల్ల కంచంలోంచి తలెత్తింది. తండ్రి మొహంలో ఏదో వెతుకుతున్నట్టు చూసింది.

“నీకు తెలీదా నాన్నా?”

ఆ పొగరుకి ఆయన చెయ్యి లేవబోయింది. ఎలాగో మళ్ళీ కంచంలోకి దింపాడు.

“అంతా తెలుసు. అందుకే వచ్చే సోమవారం నుంచి హాస్టల్లో ఉంటావు.”

ఏడుస్తుందనుకున్నాడు. బతిమాలుతుందనుకున్నాడు. బతిమాలితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాడు. పిల్ల కంచం పక్కకి జరిపి లేచింది.

“సరే నాన్నా. ఇంక మాట్లాడను.”

నేరం ఒప్పుకున్నట్టే.

అన్నమాట నిలబెట్టుకుంది కూడా. తర్వాతి రోజు కుర్చీ బల్ల దగ్గరే ఉంది. పిల్ల అందులో కూర్చుని పుస్తకం తెరిచింది, సాయంత్రమంతా పెదవి కదపలేదు. ఆ పై రోజూ అంతే. పెట్టె సర్దుకుంది, ఇది కావాలనలేదు, అది వద్దనలేదు. గెలిచినవాడికి ఉండాల్సిన నెమ్మది మాస్టారికి మాత్రం రాలేదు. కాసేపటికోసారి ఫోను తెరిచి, ఆ మూసిన నోటివైపే చూస్తూ కూర్చున్నాడు.

శనివారం ఫోను తీసుకెళ్ళి కంప్యూటర్ టీచరు చేతిలో పెట్టాడు. సోమవారం నుంచి కాపలా కాయడానికి ఇంట్లో ఎవరూ ఉండరు, అందులో దాచి ఉన్న పాత కెమెరా రికార్డులన్నీ చెరిపెయ్యమన్నాడు. జరిగిందేమిటో ముక్తసరిగా చెప్పాడు.

“ఇంతకీ ఎవరో తెలిసిందా మాస్టారూ?”

“తెలియక్కర్లేదు. ఆగిపోయింది, చాలు. ఆ సంగతి ఈ జన్మలో నేనెత్తను. నువ్వూ ఎత్తకు.”

ఆ అమ్మాయి తలూపింది. చెరిపే ముందు పోయిన వారం రికార్డు ఒకటి తెరిచి చూసింది. పాపిట, జుట్టు, కదులుతున్న దవడ. తెర మూలన, మాస్టారు ఏనాడూ ముట్టుకోని చిన్న స్పీకరు గుర్తు మీద వేలు పెట్టి నొక్కింది.

“నాన్నా, నిన్న చెప్పినదానికి నువ్వేమీ అనలేదు.”