మంగమ్మ కెంపు కమ్మలు

“అసలు కెంపులేనమ్మా. రెండూ గనిలో పుట్టినవే,” అంది రాళ్ళు పరీక్షించే మంజుశ్రీ మైక్రోస్కోపు మీదినుంచి తలెత్తి.

ఆదిలక్ష్మి కుర్చీ ముందుకు జరుపుకుంది. నకిలీవని తేలితే తన మాట నిలబడేది. ల్యాబు మెట్లెక్కేటప్పుడు దేవుడికి మొక్కుకున్నది కూడా అందుకే.

“ఇంకోసారి చూడమ్మా.”

“మీరే చూడండి.”

ఆదిలక్ష్మి కన్ను ఆనించింది. ఎర్రటి వెలుగులో వెంట్రుకకన్నా సన్నటి గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ కనిపించాయి.

“ఏందివి? పగుళ్ళా?”

“కాదమ్మా. రాయితోపాటు లోపల పుట్టిన సూదులు. సిల్కు అంటాం. మిషన్లో చేసిన రాయైతే వంపు తిరిగిన గీతలు, గాలి బుడగలు కనపడతాయి. రంగు కోసం బాగా కాల్చిన రాయైతే ఈ సూదులు కరిగి తునకలైపోతాయి. వీటిని కాల్చింది కూడా లేదు. రాళ్ళ చుట్టూ బంగారు పట్టు మళ్ళా బిగించినట్టుంది గానీ, రాళ్ళు పాతకాలంలో సానబట్టినవే.”

“మరి పెండ్లిలో గాజుముక్కల మాదిరి మెరిసినాయే? యాడా ఒక్క మచ్చ కనపడలేదే?”

“ఫంక్షన్ హాలు లైట్లు కదమ్మా! ఆడ ఏ రాయైనా అట్లే ఉంటాది. ఉత్త కంటితో చూసి చెప్పడం మా వల్లే కాదు.”

ఆదిలక్ష్మి కమ్మల పెట్టె తీసుకుని ప్రొద్దుటూరు బజారులోకి దిగింది. ఇంటికి పోవాలనిపించలేదు. నేరుగా బస్టాండుకు నడిచి పులివెందుల బస్సెక్కింది.

ఆ కమ్మలు ఆమె అత్త మంగమ్మవి. ఆమె పోతూపోతూ వాటిని ఇద్దరు కోడళ్ళకూ కలిపి ఇచ్చింది, శుభకార్యాలకు ఎవరికి కావలిస్తే వాళ్ళు పెట్టుకోమని. రెండేళ్ళుగా అవి పులివెందులలో ఉండే చిన్నకోడలు భారతమ్మ దగ్గరున్నాయి.

పోయిన నెల జమ్మలమడుగులో బంధువుల పెండ్లికి భారతమ్మ ఆ కమ్మలతోనే వచ్చింది. భోజనాల పంక్తిలో ఆదిలక్ష్మి ఆమె చెవులకేసి చూసి చూసి, ఉండబట్టలేక గట్టిగా అడిగేసింది.

“అత్త కెంపులు ఏం జేసినావు భారతీ? ఇవి మిషను రాళ్ళు!”

వరసలో ఉన్న ఆడవాళ్ళంతా తినడం ఆపి చూశారు. భారతమ్మ చేతిలో ముద్ద జారిపోయింది. సగం తిన్న విస్తరి ముందునుంచి లేచిపోయింది. ఆ తర్వాత చుట్టాల్లో ఏ ఇంట చూసినా ఇదే మాట. వాళ్ళ భర్తలు, అన్నదమ్ములిద్దరి మధ్యా ఫోన్లు కూడా ఆగిపోయాయి.

మొన్న భారతమ్మే ప్రొద్దుటూరు వచ్చి పెట్టె చేతిలో పెట్టింది. “యాడన్నా చూపించుకో అక్కా,” అని, మంచినీళ్ళయినా ముట్టకుండా వెళ్ళిపోయింది.

బస్సులో ఆదిలక్ష్మి కిటికీకి తలానించి కళ్ళు మూసుకుంది. తనకు ఆపరేషనైనప్పుడు నెలరోజులు పక్కనే ఉండి, తల దువ్వి జడ వేసిన మనిషి భారతమ్మ. ఆ మనిషిని పంక్తిలో దొంగను చేసింది. ఎదుటి సీటులో ఆవిడ పలకరించబోతే మొహం తిప్పుకుంది.

ఆదిలక్ష్మి వెళ్ళేసరికి భారతమ్మ వరండాలో కందిపప్పు చెరుగుతోంది. తోడికోడలిని చూసి చాట పక్కన పెట్టి లేచింది. ఆదిలక్ష్మి పెట్టె ఆమె చేతిలో ఉంచి, ఒక్కసారిగా కాళ్ళ మీదికి వంగింది.

“అయ్యో, ఏం పని అక్కా ఇది! పెద్దదానివి!” భారతమ్మ వెనక్కి జరిగింది.

“నా కండ్లు పోయినాయి భారతీ. అవి అసలు రాళ్ళే. నోటికొచ్చినట్టు కూసినా. నన్ను క్షమిస్తావో లేదో నీ ఇష్టం.”

“ఆ మాటలెందుకులే అక్కా. అయిపోయింది.”

“యాడయిపోయింది? రేపే జమ్మలమడుగు పోతా. ఆ పొద్దు పంక్తిలో ఉండిన ప్రతి ఇంటికీ పోతా. నాది పాడు నోరు, భారతి బంగారం అని చెప్పొస్తా.”

భారతమ్మ మొహం పాలిపోయింది.

“వద్దక్కా. యాడికీ పోవద్దు.”

“ఎందుకు వద్దు? నలుగురిలో నీ పరువు తీసినా. ఆ నలుగురి ముందరే ముక్కు నేలకు రాస్తా. అట్లయితేనే నాకు అన్నం సయిస్తాది.”

భారతమ్మ గోడకానుకుని అట్లాగే కిందికి జారి కూలబడింది. పెట్టె ఒళ్ళో పెట్టుకుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆదిలక్ష్మి పక్కన కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది. భారతమ్మ ఆ చేతిని మెల్లగా తీసేసింది. తల మాత్రం ఎత్తలేదు.

“పెండ్లిలో నువ్వు అడిగినాకనే, దాచుకున్న అసలు రాళ్ళు మళ్ళా పెట్టించినా అక్కా.”