కారం దానయ్య గ్లౌజులు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు నేర్చుకుని మూడేళ్లే అయింది. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. ఒక పేజీ నిండటానికి వారం పడుతుంది. తప్పులుంటే దిద్దుకుని చదవండి. ఆలస్యానికి మాత్రం క్షమించమని అడగను.

"కారం దానయ్య లేచి నిలబడాలి," అని మైకులో పిలిచాడు సభ నడుపుతున్న సుభానీ.

హాలంతా నవ్వింది.

అది రెండువేల ఒకటో సంవత్సరం, మార్చి నెల. గుంటూరు బ్రాడీపేటలో ఒక మేడమీద హాలు. పాత బాక్సర్లు, వాళ్ల భార్యలు, పిల్లలు, మనవలతో కిక్కిరిసి ఉంది. అందరూ ఒకచోట కలవడం అదే మొదలు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి, నిలబెట్టి చప్పట్లు కొడుతున్నారు. దానయ్య మాత్రం లేవలేదు.

"దూరం జరగండ్రా, కళ్లు మండుతాయి," అన్నారెవరో వెనకనుంచి. మళ్లీ నవ్వులు.

పక్కనే కూర్చున్న భార్య పున్నమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. "పోదాం పదయ్యా. మనకి భోజనం కూడా వద్దు."

"ఉండు. జక్రయ్యతో మాట్లాడిందాకా రాను," అన్నాడు దానయ్య. మెట్లెక్కిన ఆయాసం ఆయనకి ఇంకా తగ్గలేదు.

జక్రయ్య మెడలో దండతో ముందు వరసలో ఉన్నాడు. అరవై ఏడులో జరిగిన ఫైనల్లో గెలిచింది అతనే. ఓడింది దానయ్య. దానయ్య మెల్లగా నడిచి వెళ్లి, సంచిలోంచి పాత గ్లౌజులు తీసి అతని ముందున్న బల్లమీద పెట్టాడు. తోలు పగిలిపోయింది. తాళ్లు పీచులు పీచులయ్యాయి.

"ఓరి నీ, ఇంకా దాచావట్రా వీటిని," అంటూ జక్రయ్య ఒకటి అందుకుని వాసన చూశాడు. "ఘాటు పోయిందిలే."

"నేను కారం పెట్టలేదురా జక్రయ్యా."

నవ్వులు ఆగిపోయాయి. సుభానీ మైకు దించాడు.

"మొదలెట్టావా," అన్నాడు జక్రయ్య. "రెండో రౌండు నుంచీ నాకు కళ్లు కనపడలేదు. రిఫరీ నీ గ్లౌజులు వాసన చూసి నాలుగు తుమ్ములు తుమ్మి, నిన్ను ఆటలోంచి తీసేశాడు. ఊరంతా చూసింది."

"కారం ఉన్నమాట నిజమే. నేను పెట్టలేదంటున్నా."

"సర్లేరా. నేనెప్పుడో క్షమించేశా. చర్చిలో ప్రభువు బల్ల దగ్గర నీ పేరు చెప్పి మరీ క్షమించా."

"క్షమించొద్దు. నమ్ము." "వచ్చే ఏడు ఈ మెట్లు ఎక్కుతానో లేదో నాకే తెలీదు. నాకు దండొద్దు, చప్పట్లొద్దు. దానయ్య దొంగాట ఆడలేదని ఆ మైకులో ఒక్కసారి చెప్పు."

జక్రయ్య చాలాసేపు గ్లౌజునే అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఎట్టా చెప్పమంటావురా? అప్పట్లో ఎవరి గ్లౌజులు వాళ్లే తెచ్చుకునేవాళ్లం. ఇవి నీవి. ఇంటినుంచి తెచ్చుకుంది నువ్వు. తొడుక్కుంది నువ్వు. నువ్వు కాకపోతే ఎవరు? ఒక్క పేరు చెప్పు, ఇప్పుడే మైకు తీసుకుంటా."

దానయ్య పున్నమ్మ వైపు చూశాడు.

"ఏం చెల్లెమ్మా, నువ్వైనా చెప్పు," అన్నాడు జక్రయ్య.

పున్నమ్మ లేచి నిలబడింది. అంతమంది తనవైపే చూస్తున్నారు.

"ఆయన అట్టాంటి మనిషి కాదన్నయ్యా."

"ఆ సంగతి నాకూ తెలుసమ్మా. మరి ఎవరు?"

పున్నమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్లీ చుట్టుకుంది.

"నాకేం తెలుసు," అని కూర్చుంది.

జక్రయ్య గ్లౌజులు సంచిలో పెట్టి దానయ్య చేతికిచ్చాడు. భుజం తట్టి, "భోంచేసి వెళ్లరా," అన్నాడు. సుభానీ మరో పేరు పిలిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

వాళ్లిద్దరూ తినకుండానే మెట్లు దిగి పెదకాకాని బస్సెక్కారు. ఊరు దాటాక రోడ్డు పక్క కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. గాలికి ఘాటు బస్సులోకి కొట్టింది. కిటికీ పక్కన కూర్చున్న దానయ్య బయటికి చూస్తూ అన్నాడు:

"ఆ రోజు పోటీ అయ్యాక తాళ్లు విప్పుతుంటే ఒక మిరప తొడిమ రాలింది."

పున్నమ్మ కొంగు అంచు మళ్లీ వేలికి చుట్టుకుంది.

"పోటీకి ముందు, గ్లౌజులు చెమట కంపు కొడుతున్నాయని తడిగుడ్డతో తుడిచి, కల్లంలో కాయల మీద ఎండబెట్టావు. వరి పండే మాగాణి ఊరినుంచి వచ్చిన పిల్లవి. ఆ పొడి కుట్లలోకి దిగుద్దని నీకేం తెలుసు."

"తెలిసి కూడా ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా?"

"నేను చెబితే, తప్పు తీసుకెళ్లి పెళ్లాం మీదకి తోశాడంటారు." దానయ్య ఒళ్లోని సంచి సర్దుకున్నాడు. "ఇవాళైనా నువ్వే చెబుతావని నిన్ను తీసుకొచ్చా."

ఇట్లు,
పున్నమ్మ,
కీ.శే. దానయ్య భార్య,
వయసు అరవై మూడు,
ఇప్పుడు ఉంటున్నది చీమకుర్తిలో, కూతురి దగ్గర.